మొదటి పూత

తుపాకులు అమ్మడానికి కూడా తీరిక చూసుకోవలసి వస్తుందని రజిని ఎప్పుడూ అనుకోలేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు మీటింగులు. ఆదివారం దుకాణం ఉండదు. మిగిలింది శనివారం. ఆ శనివారం పొద్దున లేచేసరికే ఒళ్లంతా ఎవరో చితక్కొట్టినట్టుంది. భర్త రవికాంత్ పోయి ఎనిమిది నెలలైంది. నిద్ర పట్టడం లేదని కాదు, పడుతోంది. పట్టిన నిద్ర దేనికీ పనికిరావడం లేదు. బ్యాంకులో పేరు తీయించాలి, ఇన్సూరెన్సులో తీయించాలి, కారు మీద, ఫోను మీద, కరెంటు బిల్లు మీద తీయించాలి. మనిషి పోవడం ఒక్క నిమిషం పని. ఆయన పేరు తీయించడం మాత్రం ఏడాది పని. ఆ వరసలో ఆఖరున మిగిలినవి బీరువా గదిలోని సేఫ్, అందులో రెండు తుపాకులు.

వాటిని అమ్మితీరాలని కూతురు నైనిక పట్టుబట్టింది. ఫేయెట్‌విల్‌లో కాలేజీ చదువుతున్న ఆ పిల్లకు తుపాకులంటే మొదటినుంచీ గిట్టదు. తండ్రి పోయాక మరీ గిట్టకుండా పోయింది. "అమ్మా, ఆ గన్స్ ఇంట్లో ఉంటే నేను థ్యాంక్స్‌గివింగ్‌కి రాను. ఐ మీన్ ఇట్. నా రూమ్ పక్కనే ఉంది ఆ సేఫ్, నాకు నిద్ర రాదు," అంది ఫోన్‌లో. థ్యాంక్స్‌గివింగ్ ఇంకా పన్నెండు రోజులుంది.

రవికాంత్‌కు ఈ పిచ్చి అమెరికాలో ఈ ఊరు, బెంటన్‌విల్, వచ్చాకే పట్టింది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే కంపెనీ హెడ్డాఫీసులో కాంట్రాక్టు ఉద్యోగులు. పౌరసత్వం వచ్చిన ఏడాది, పక్క సీటు అమెరికన్ ఒకడు షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. వెళ్లినవాడు ఊరికే రాకుండా నల్ల ప్లాస్టిక్ బాడీ పిస్టల్ ఒకటి కొనుక్కొచ్చాడు. ఇంటి భద్రతకట. మూడేళ్లలో దాన్ని నాలుగుసార్లు బయటికి తీసుంటాడు. పోనీలే, మగవాళ్లకు ఏదో ఒకటి ఉండాలి, తాగుడు కంటే నయం అనుకుని రజిని ఊరుకుంది.

రెండోది వచ్చినప్పుడు మాత్రం ఊరుకోలేదు. మార్చిలో ఒక శనివారం, పాత అట్టపెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చాడు. లోపల రివాల్వర్. పందొమ్మిది వందల యాభై ఆరులో తయారైందట. ధర పందొమ్మిది వందల యాభై డాలర్లు.

"సంవత్సరం చూసి ధర చెప్పాడా ఏంటి ఆ షాపువాడు?" అంది రజిని. అదే నెలలో ఆమెకు ప్రాజెక్టులో గంటలు తగ్గించారు. వారానికి నలభై కాస్తా ముప్పై అయ్యాయి. "ఒకటుందిగా మన ఖర్మానికి. దానికీ దీనికీ తేడా ఏంటండీ?"

"చాలా ఉంది. అది కారు లాంటిది రజినీ. షోరూమ్ గేటు దాటగానే రేటు పడిపోద్ది. ఫ్యాక్టరీలో ఇప్పటికీ తయారు చేస్తానే ఉన్నారు. కొత్తది దొరుకుతుంటే రేపు నా పాతది ఎవడు కొంటాడు, సగం ధరకి తప్ప? ఇది స్థలం లాంటిది. ఇంక పుట్టదు. ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, కొనేవాళ్లు పెరుగుతా ఉంటారు. పైగా దీని ఒంటి మీద పూత చూడు, ఫ్యాక్టరీలో వేసింది వేసినట్టే ఉంది."

"ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి! ఏది పేలినా చచ్చేది మనిషేగా. అమ్మే రోజున చూడండి, రెండూ ఒకటే ధర పలుకుతాయి."

"చూద్దాం," అన్నాడు రవికాంత్. అన్నాక మూతి ముడుచుకున్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయనైతే, కాదు రెండే అనే రకం ఈవిడ. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. కాఫీ కప్పు బల్ల మీద పెట్టడం, తీసుకోవడం, అంతే. ఇరవై రెండేళ్ల కాపురంలో ఇలాంటి అలకలు వంద చూశారు గనుక ఇద్దరికీ తొందర లేదు. అయిదో రోజు మధ్యాహ్నం ఆఫీసు పార్కింగ్‌లో, కారు తలుపు తీస్తూ తీస్తూ రవికాంత్ కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది.

నాలుగు రోజుల ఆ మౌనం అప్పటినుంచీ రజిని గుండెల మీద కూర్చుని ఉంది. ఎవరితోనూ అనలేదు. అనడానికి అదేమంత గొప్ప తగాదా అని? కాని అమ్మే రోజు రానే వచ్చింది. ఈ పందెంలో తను ఓడిపోవాలని, ఆయన మాటే నెగ్గాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. దుకాణంవాడు పాతదానికి ఎక్కువ ధర చెప్తే చాలు, ఇంటికొచ్చి ఫొటో ముందు నిలబడి ఒప్పేసుకుందామని అనుకుంది.

"తువ్వాలు చుట్టానమ్మా, గీతలు పడకుండా," అన్నారు మామగారు సీతారామయ్య, అట్టపెట్టె కారు డిక్కీలో పెడుతూ.

ఆయన జూన్‌లో వచ్చారు. గుడివాడలో కూతురి దగ్గర ఉంటారు. ముప్పై నాలుగేళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు. కొడుకు పోయిన రోజుకు చేతిలో వీసా లేదు. వీసా వచ్చేనాటికి చూడడానికి ఏమీ మిగల్లేదు. అయినా వచ్చారు. వచ్చి ఒక మూల కూర్చోకుండా ఇంట్లో కారే కుళాయిలు, కిర్రుమనే తలుపులు, ఊగే కుర్చీ కాళ్లు అన్నీ ఒక్కొక్కటే బాగుచేశారు. కొడుకు గురించి ఏడవగా రజిని చూడలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ లేకుండా ఉండగా కూడా చూడలేదు.

డిపోలో దసరా అంటే ఆయనకు సంక్రాంతి కంటే పెద్దది. స్పానర్లు, జాకీలు, సుత్తులు అన్నీ తోమి, బారుగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, బస్సుల ముందు గుమ్మడికాయలు కొట్టేవాళ్లు. ఈ ఏడు ఇంట్లో ఏటిసూతకం, పండగ లేదు. మొన్న దసరాకు పొద్దున్నే లేచి వంటింట్లో కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి రజిని గది గుమ్మంలో నిలబడ్డారు.

"పూజ చెయ్యకూడదు, ఒప్పుకుంటా. శుభ్రం చెయ్యకూడదని ఎక్కడన్నా ఉందా అమ్మా? వాడి ఆయుధాలు అట్టా పడున్నాయి. సేఫ్ నంబరు చెప్తే ఓ తుడుపు తుడుస్తా."

రజిని చెవుల్లో హెడ్‌ఫోన్లు. స్క్రీన్ మీద పద్నాలుగు మంది. లేచి వెళ్లి, కూతురి పుట్టినరోజు అంకెలు నొక్కి, సేఫ్ తెరిచి మళ్లీ వచ్చి కూర్చుంది. తూటాలు ఏనాడో తీయించేసిన తుపాకులు గనుక భయం లేదు. అరగంటకు ఆయన మళ్లీ గుమ్మంలోకి వచ్చారు. "ఈ ఇనపది బాగా నల్లబడిపోయిందమ్మా. రుద్దనా?"

"మీ ఇష్టం మామయ్యగారూ," అంది తల తిప్పకుండా.

మధ్యాహ్నం అన్నానికి లేచి చూస్తే సింకులో చింతపండు పిప్పి, రాళ్ల ఉప్పు, గిన్నెలు తోమే స్టీలు పీచు. కిరసనాయిలు దొరికే ఊరు కాదు గనుక దొరికినదానితో సరిపెట్టారు. పొడిగుడ్డ మీద రివాల్వర్ కొత్త వెండి గ్లాసులా తళతళలాడుతోంది. "ప్లాస్టిక్‌దానికి తోమేదేముంది, తడిగుడ్డతో తుడిచి పెట్టా," అన్నారు ఆయన, చేతులు తుడుచుకుంటూ. వచ్చిన నాలుగు నెలలకు ఆయన మొహంలో కాస్త కళ కనపడింది. బాగుంది మామయ్యగారూ అంది రజిని. నిజంగానే బాగుందనుకుంది.

దుకాణం రోజర్స్‌ వెళ్లే దారిలో, టైర్ల షాపు పక్కన ఉంది. గోడల నిండా దుప్పి తలలు, మూలన నిలువెత్తు ఎలుగుబంటి. యజమాని వెర్నన్‌కు డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల గడ్డం, మెడలో తాడుకు భూతద్దం. రజిని పేరు చెప్పగానే కళ్లజోడు తీసేశాడు.

"రవి భార్యవా? నాకు తెలియనే తెలియదమ్మా, పోయాడని. రావడం మానేశాడేమిటా అనుకున్నాను. ప్రతి శనివారం వచ్చేవాడు. ఆ రివాల్వర్‌ను పదకొండు నెలలు చూశాడు. వచ్చినప్పుడల్లా బేరం ఆడేవాడు, ప్రతిసారీ నేను కాదనేవాణ్ణి. దాని గురించి నాకంటే ఎక్కువ చదివాడు."

శనివారాలు కారు కడిగించడానికని వెళ్లేవాడు రవికాంత్. కడిగించిన కారు ఎప్పుడూ మురిగ్గానే ఎందుకుండేదో రజినికి ఇప్పుడు తెలిసింది. నవ్వు రాలేదు గాని, వచ్చే చోటు దాకా వచ్చి ఆగింది.

సీతారామయ్యకు ఆ ఇంగ్లీషు బొత్తిగా కొరుకుడు పడలేదు. కాసేపు మర్యాదకు తల ఊపి, ఎలుగుబంటి దగ్గరకు వెళ్లి దాని గోళ్లు పరిశీలిస్తూ నిలబడ్డారు.

వెర్నన్ ముందు ప్లాస్టిక్ పిస్టల్ తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, ఖాళీగా ఉందని చూసి, రెండు నిమిషాల్లో కింద పెట్టేశాడు. "దీనికి ఆలోచించేదేమీ లేదు. కొత్తది అయిదు వందల చిల్లర, ఇప్పుడు ఫోన్ చేస్తే సాయంత్రానికి పది పంపిస్తారు. కనుక వాడినదానికి నేను మూడు వందల యాభై ఇస్తాను. ఇది బంగారంలా చూసుకున్నా అంతే, గీతలు పడినా ఇంచుమించు అంతే." పసుపు చీటీ మీద అంకె రాసి పిస్టల్ పక్కన అతికించాడు.

తరవాత అట్టపెట్టె దగ్గరకు లాక్కున్నాడు. మూత తీసేటప్పుడు అతని మొహంలో పాత స్నేహితుణ్ణి చూడబోయే సంబరం ఉంది. తువ్వాలు విప్పాడు. విప్పి అలాగే ఉండిపోయాడు. భూతద్దం కంటికి పెట్టుకోను కూడా లేదు.

"ఎవరు చేశారు ఈ పని?"

రజినికి మొదట అర్థం కాలేదు. "శుభ్రం చేశాం," అంది.

"శుభ్రం," అన్నాడు వెర్నన్ మెల్లగా. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "చూడమ్మా. మీ ఆయన కొన్నది ఇనుమును కాదు. ఇనుము మీద ఫ్యాక్టరీవాళ్లు డెబ్బై ఏళ్ల కింద వేసిన నీలిపూతను. నల్లగా కనిపించేది అదే. అది నూటికి తొంభై అయిదు పాళ్లు మిగిలి ఉండబట్టే దానికి ఆ ధర. ఇప్పుడు కావాలంటే మళ్లీ పూత వేయించవచ్చు, అద్దంలా వేస్తారు. కాని మొదటి పూత ఒక్కసారే వేస్తారు. ఏదో పులుసులాంటిది పెట్టి రుద్దారు దీన్ని. అక్షరాలు కూడా అరిగాయి."

"ఇలా కాకుండా ఉంటే?" అని అడిగింది రజిని. అడగకుండా ఉండవలసింది.

"నేను అమ్మినట్టే తెచ్చి ఉంటే కళ్లు మూసుకుని ఇరవై మూడు వందలు ఇచ్చేవాణ్ణి. ఈ వేసవి నుంచి వీటి ధర పెరిగింది. పెరుగుతుందని రవి చెప్తూనే ఉండేవాడు."

"ఇప్పుడు?"

వెర్నన్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఎక్కువ చెప్పాలని అతనికీ ఉంది, చెప్పలేకపోతున్నాడని తెలుస్తూనే ఉంది. చివరికి ఇంకో పసుపు చీటీ మీద రాసి రివాల్వర్ పక్కన అతికించాడు. మూడు వందల యాభై. "అందులో సగం ఆనాటి ఆ ఫ్యాక్టరీ అట్టపెట్టెకే," అన్నాడు తల వంచుకుని.

గాజు బల్ల మీద నల్లదొకటి, తెల్లదొకటి. రెండు చీటీలు. ఒకటే అంకె. అమ్మే రోజున చూడండి అంది తను. ఇదిగో, అమ్మే రోజు. ఆమె మాటే నెగ్గింది, కాణీ తేడా లేకుండా నెగ్గింది. ఇంత దిక్కుమాలిన గెలుపు పగవాళ్లకు కూడా వద్దనిపించింది రజినికి. ఆయన కొన్నది సరైన వస్తువే. దాన్ని అంత జాగ్రత్తగా దాచిందీ ఆయనే. తల తిప్పకుండా మీ ఇష్టం అన్నది మాత్రం తను.

"ఏమంటున్నాడమ్మా?" సీతారామయ్య పక్కకు వచ్చి నిలబడ్డారు.

రజిని ఆయన మొహంలోకి చూసింది. పొడిగుడ్డ మీద రివాల్వర్‌ను చూపించిన రోజున ఉన్న కళే ఇప్పుడూ ఉంది.

"పాతదానికి ఇరవై మూడు వందలు ఇస్తాడంట మామయ్యగారూ. ప్లాస్టిక్‌దానికి మూడు వందల యాభై. మీ అబ్బాయి చెప్పినట్టే."

ఆయన బల్ల మీదికి వంగి చూశారు. తరవాత, "మెరుస్తోంది కదా మరి," అన్నారు.

"ఏమంటున్నారు పెద్దాయన?" అని వెర్నన్ అడిగాడు.

"కొడుకు వస్తువు అమ్మాలంటే బాధగా ఉందంటున్నారు," అంది రజిని ఇంగ్లీషులో. ఇటు ఒకటి, అటు ఒకటి. ఆఫీసులో కూడా ఒకరి మాట ఇంకొకరికి నచ్చేలా చేరవేయడమే ఆమె పని గనుక నాలుక తడబడలేదు.

వెర్నన్ బల్ల వెనక నుంచి బయటికి వచ్చాడు. సీతారామయ్య చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, మీ వాడికి మంచి చూపు ఉండేదండీ, నేను ఎంతోమందిని చూశాను, అంత ఓపికగా కొన్నవాణ్ణి చూడలేదు అన్నాడు. ఆ ఒక్కదాన్ని మాత్రం రజిని పొల్లుపోకుండా తెలుగులో చెప్పింది. సీతారామయ్య వెర్నన్ చెయ్యి వదలడం మరిచిపోయారు.

సంతకాలు, లైసెన్సు కాపీ, చెక్కు. నైనికకు రెండు మాటల మెసేజ్ పెడితే వెంటనే ఎర్ర గుండెకాయ బొమ్మ వచ్చింది. ఖాళీ చేతులతో కార్లో కూర్చుని రజిని ఇంజన్ స్టార్ట్ చేసింది గాని, గేరు వెయ్యడానికి చెయ్యి లేవలేదు. ఎదురుగా టైర్ల షాపువాడు ఎవరి చక్రమో విప్పుతున్నాడు. మామగారు అతని పనితనం చూస్తున్నారనుకుంది.

"మూడు, అయిదు, సున్నా," అన్నారు సీతారామయ్య.

"ఏంటి మామయ్యగారూ?"

"రెండు చీటీల మీదా అదే అంకె. నాకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు రాకుండా ముప్పై నాలుగేళ్లు స్టోర్సు రిజిస్టరు ఎట్టా రాశాననుకున్నావమ్మా?"

రజిని అద్దం మీద తుడిచేదేమీ లేకపోయినా వైపర్ ఒకసారి వేసి ఆపింది.

"నేను రుద్దబట్టేనా?"

ఇంకో అబద్ధం ఆడవచ్చు. ఆడడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. "అవునండీ. ఆ నలుపు మురికి కాదంట, పూతంట. కానీ తప్పు మీది కాదు. మీరు అడిగారు. నేనే మీటింగ్‌లో ఉండి, వినకుండానే మీ ఇష్టం అన్నాను."

ఆయన తన రెండు అరచేతుల్నీ ఒళ్లో తిరగేసుకుని చూసుకున్నారు. డిపోలో నూనె ఇంకిన గోళ్లు, ఏ సబ్బుకూ వదలని నలుపు. "ఈ చేతులతోనే," అన్నారు. చేతులు మూసి, "మరి ఇరవై మూడు వందలన్నావే, ఆ అంకె ఎక్కడిది?" అన్నారు.

"అది మీ అబ్బాయి అంకె మామయ్యగారూ. రుద్దకుండా తెస్తే ఇవాళ అంత ఇచ్చేవాణ్ణన్నాడు."

"వాడు కొన్నది ఎంతకి?"

"పందొమ్మిది వందల యాభై."

ఆయన పెదవులు కదిలాయి. లెక్క కట్టుకున్నారు. "ఎనిమిది నెలలకి మూడొందల యాభై లాభం. అంటే వాడు మోసపోలేదన్నమాట. అమెరికా వాళ్ల చేత ఏదో అంటగట్టించుకున్నాడేమోనని, ఇన్నాళ్లూ నాకు లోపల..."

"మోసపోలేదు. సరిగ్గానే కొన్నారు." ఇక ఆగేది కాదని ఆమెకే తెలిసింది. "నేనే మూర్ఖంగా పోట్లాడాను. రెండూ ఒకటే ధర పలుకుతాయన్నాను. ఏ రాయైతేనేం అన్నాను. ఆ మాట మీద నాలుగు రోజులు మాట్లాడుకోలేదు మామయ్యగారూ. ఆ నాలుగు రోజులే ఆఖరివి. ఆయన చెప్పిందే రైటు. నాదే తప్పు."

ఎనిమిది నెలలుగా ఎవరితోనూ అనని మాట, టైర్ల షాపు ఎదురుగా కార్లో కూర్చుని అనేసింది. సీతారామయ్య కిటికీ వైపు తిరిగారు. భుజాలు ఒకసారి ఎగిరిపడ్డాయి. మళ్లీ ఇటు తిరిగేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవి చివర మాత్రం నవ్వులాంటిది ఏదో ఉంది.

"ఈ మాట నీ నోట విని ఉంటే వాడు వారం రోజులు ఊరంతా చెప్పుకు తిరిగేవాడమ్మా."

రజినికి నవ్వు వచ్చింది. నిజమే, తిరిగేవాడు. గుడివాడకు ఫోన్ చేసి మరీ చెప్పేవాడు. నవ్వు నవ్వుగానే మొదలై, మధ్యలో ఎక్కడో దారి తప్పి, స్టీరింగ్ మీద తల పెట్టుకునేసరికి వెక్కిళ్లయింది. పెద్దాయన ఓదార్చబోలేదు. చెయ్యి చాచి ఇంజన్ బటన్ నొక్కి ఆపేశారు.

"ఏడువు తల్లీ, తొందరేం లేదు," అన్నారు. "పెట్రోలు దండగని ఆపాను."